డయాలిసిస్ బెడ్ పక్కన సిస్టర్: మందుల చీటీలో రాయని వైద్యం

మా మామూకి కిడ్నీలు పాడయ్యాయని డాక్టర్లు చెప్పి మూడేళ్లయింది. అంతకుముందు పదిహేనేళ్ల నుంచి షుగర్. మన ఇళ్లలో షుగర్‌ని రోగం కింద ఎవరు లెక్కేస్తారు? గోలీ వేసుకోవడం, పెళ్లిళ్లలో ఖుబానీ కా మీఠా తినడం, రెండూ పక్కపక్కనే నడిచిపోయాయి. చివరికి కాళ్ల వాపులు, ఆయాసం మొదలయ్యాయి. రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ చూసి డాక్టర్ నేరుగా డయాలిసిస్ అన్నాడు. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు మామూ జీవితం ఆ సెంటర్‌లోనే.

నేను బీకాం చదివినవాణ్ణి కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. ఏడాదికి 156 సార్లు, అంటే 624 గంటలు. రాత్రీ పగలూ కలిపి చూస్తే ఏడాదిలో నిండుగా 26 రోజులు మనిషి ఆ మెషీన్ పక్కనే పడుకుంటాడు. ఇందులో పెద్ద డాక్టర్ కనిపించేది రౌండ్‌కి వచ్చినప్పుడు, అదీ కొన్ని నిమిషాలు. ఇంటివాళ్లు బయట బెంచీ మీద. మిగతా సమయమంతా రోగికి ఎదురుగా ఉండేది నర్సు, టెక్నీషియన్. రోగి మనసులో ఏముందో తెలిసే అవకాశం ఎవరికి ఎక్కువో ఈ లెక్కే చెప్తుంది.

జ్వరమో, ఆపరేషనో అయితే ఒక ముగింపు ఉంటుంది. కుట్లు విప్పుతారు, ఇంటికి వస్తాం, చుట్టాలు పండ్లు పట్టుకుని వస్తారు, అయిపోతుంది. దీర్ఘకాలిక రోగం అలా కాదు. షుగర్, బీపీ, గుండె జబ్బు, కీళ్లవాతం, చిన్నపిల్లల్లో తలసీమియా, ఇవన్నీ మనతో ఇంట్లో కాపురం పెట్టే రోగాలు. మొదటి నెలలో ఫోన్ చేసి అడిగినవాళ్లు ఆరో నెలకి అడగరు. వాళ్ల తప్పని కాదు, ఎవరి బతుకు వాళ్లది. కానీ రోగికి ఆరో నెల కూడా మొదటి నెలలాగే ఉంటుంది. చాలామందికి ఇంకా కష్టంగా ఉంటుంది.

డయాలిసిస్ గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు 24 గంటలూ చేసే పనిలో కొంత భాగాన్ని మెషీన్ 4 గంటల్లో చేస్తుంది. చేతిలో రక్తనాళాలు రెండింటిని చిన్న ఆపరేషన్‌తో కలిపి ఫిస్టులా చేస్తారు. దానికి ప్రతిసారీ రెండు లావుపాటి సూదులు. ఒకదాని నుంచి రక్తం బయటకు, ఇంకోదాని నుంచి శుభ్రమై లోపలికి. చాలామందికి మూత్రం బాగా తగ్గిపోతుంది కాబట్టి తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి. అందుకే వచ్చిన వెంటనే బరువు తూస్తారు. పోయినసారి ఇంటికి వెళ్లిన బరువుకీ ఇప్పటి బరువుకీ ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఆ నీళ్లే. తేడా ఎక్కువైతే నాలుగు గంటల్లో అంత నీళ్లు లాగాలి. బీపీ పడిపోతుంది, కాళ్లు పట్టేస్తాయి, వాంతులవుతాయి. ఇంటికొచ్చాక ఆ రోజంతా మనిషి ఒట్టి గుడ్డలా పడి ఉంటాడు.

ఇంత కష్టం మనసు మీద పడకుండా ఎలా ఉంటుంది? డయాలిసిస్ రోగుల్లో డిప్రెషన్ చాలా ఎక్కువని, దాదాపు నలుగురిలో ఒకరికి ఉంటుందని వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన పరిశోధకులు తేల్చారు. డిప్రెషన్ ఉన్నవాళ్లు డయాలిసిస్ ఎగ్గొట్టడం, మందులు మానేయడం, ఆసుపత్రిలో చేరడం కూడా ఎక్కువే. అంటే మనసు సంగతి వేరు, ఒంటి సంగతి వేరు అనుకోవడానికి లేదు. దిగులుతో రెండు సెషన్లు మానేసిన మనిషికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగే పరిస్థితి కూడా రావచ్చు.

మాకు ఇది పుస్తకాల్లో చదివి తెలియలేదు.

రెండేళ్ల కిందట రంజాన్. మామూ రోజాలు లేడు, డాక్టర్ వద్దన్నాడు. మూడో వారంలో ఒక రోజు నాలుగు కిలోలు ఎక్కువ బరువుతో సెంటర్‌కి వెళ్లాడు. అక్కడ డ్యూటీలో ఉన్నతను అందరి ముందూ, "నీళ్లు తాగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? చచ్చిపోతే మమ్మల్ని అంటారు" అని అరిచాడట. మామూ, "ఏం తాగలేదు బాబూ" అన్నాడు. అబద్ధమే. ఇంటికొచ్చి మాతో ఏమీ చెప్పలేదు. తర్వాతి సెషన్ రోజు ఒళ్లు నొప్పులని పడుకున్నాడు. మేమూ సరేలే అన్నాం. మర్నాడు రాత్రి సహరీకి ముందు ఊపిరి ఆడక మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆటోలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. దారి పొడవునా మామీ ఆయన వీపు రాస్తూనే ఉంది.

బతికి బయటపడ్డాడు, అల్‌హందులిల్లాహ్. తర్వాత వారం అదే సెంటర్‌లో వేరే షిఫ్ట్ నర్సు, కేరళ నుంచి వచ్చిన అమ్మాయి, సూదులు పెట్టడం అయ్యాక స్టూలు లాక్కుని కూర్చుంది. నీళ్ల ఊసే ఎత్తలేదు. "చాచా, సాయంత్రం ఇఫ్తార్ టైంలో ఇంట్లో ఎట్లా ఉంటది?" అని అడిగింది. అంతే. మామూ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత మొత్తం చెప్పాడు.

నలభై ఏళ్లుగా మా మసీదులో ఇఫ్తార్‌కి షర్బత్ కలిపేది మామూనే. పెద్ద డేగ్‌లో కలిపి, గ్లాసులు నింపి, అందరికీ అందించి, ఆఖరికి తను తాగేవాడు. ఇప్పుడు రోజా లేకుండా ఆ వరసలో కూర్చోవడం ఆయనకు సిగ్గు. ఎవరో కుర్రాడు, "ఏం చాచా, రోజా లేదా?" అన్నాడట. ఆ మాట పడలేక, అజాన్ కాగానే అందరితోపాటు తనూ మూడు ఖజూర్లు తిని, గ్లాసు నిండా షర్బత్ తాగుతున్నాడు. పైన ఒక కప్పు హలీమ్. ఖజూర్‌లో పొటాషియం, హలీమ్‌లో ఉప్పు, ఉప్పు తిన్నాక దాహం, దాహానికి నీళ్లు. పద్ధతి ప్రకారం చూస్తే ఇది 'డైట్ పాటించని రోగి' కేసు. అసలు సంగతి మాత్రం వేరు. జమాత్‌లో తన చోటు పోయిందని ఒక ముసలాయన పడే బాధ అది.

ఇంట్లో ఉన్న ఏడుగురిలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. నాకూ తెలియదు. నేను రిపోర్టర్ని, ప్రశ్నలు అడగడమే నా పని.

ఆ సిస్టర్ తర్వాత చేసినవన్నీ చిన్న పనులే. డైటీషియన్‌తో మాట్లాడి రోజుకి ఎంత నీరు తాగొచ్చో మళ్లీ లెక్క కట్టించింది, ఇఫ్తార్ వేళకి కొంచెం విడిగా ఉంచింది. చిన్న గ్లాసుతో తాగమంది. మసీదుకి వెళ్లడం మానొద్దు, షర్బత్ కలపడమూ మానొద్దు అంది. రోజా సంగతి తన పరిధి కాదని, ఇమామ్ సాబ్‌ని అడగమని చెప్పింది. ఇమామ్ సాబ్ సూరా బఖరాలో రోగికి ఉన్న మినహాయింపు గురించి, తగ్గే ఆశ లేని రోగంలో రోజాకి బదులు పేదవాడికి భోజనం పెట్టే ఫిద్యా గురించి విడమరిచి చెప్పారు. మామూకి ఇవి తెలియనివి కావు. కానీ తెలిసినదాన్నే ఎవరైనా మన మొహం చూసి చెప్తే అది లోపలికి దిగుతుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఇళ్లలో రోగి నోరు విప్పగానే, "సబ్ర్ చెయ్యి, అల్లాహ్ ఉన్నాడు" అంటాం. నమ్మకంతోనే అంటాం. కానీ చాలాసార్లు ఆ మాట రోగి చెప్పబోయేదాన్ని మధ్యలో కోసేస్తుంది. 'నాకు భయంగా ఉంది' అన్నవాడికి 'భయపడకు' అని చెప్తే, వాడు భయపడడం మానడు, చెప్పడం మానేస్తాడు. సబ్ర్ గురించి చెప్పే ముందు దేని మీద సబ్ర్ చేయాలో వినాలి కదా.

నర్సు ఇచ్చే మానసిక ఆసరా అంటే కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెట్టి మాట్లాడడం అనుకుంటారు. చాలావరకు అది చేసే పనిలోనే కలిసి ఉంటుంది. సూది గుచ్చే ముందు "ఇప్పుడు పెడుతున్నాను" అని చెప్పడం. ఫిస్టులా మీద వేళ్లు పెట్టి, లోపల పిల్లి గుర్రుమన్నట్టు వచ్చే ఆ అదురుని రోగి చేత కూడా పట్టించి, "రోజూ పొద్దున ఇట్లా చూసుకోండి, ఇది ఉందంటే మీ లైన్ బాగుంది" అని చెప్పడం. భయపడే మనిషికి చేతిలో ఒక పని పెట్టడం కంటే పెద్ద ధైర్యం లేదు. బెడ్ నంబర్ ఏడు అనకుండా పేరు పెట్టి పిలవడం. నమాజు వేళ అయితే మెషీన్ మీదనే పడుకుని సైగలతో చదువుకునేవాళ్లకి ఆ పది నిమిషాలు బీపీ చూడడానికి రాకుండా ఆగడం. పర్దాలో ఉండే ఆడవాళ్లకి మెడ దగ్గర కాథెటర్ డ్రెస్సింగ్ చేసేటప్పుడు ముందు కర్టెన్ లాగడం. వీటికి జీతం పెరగదు. బిల్లులో వీటికంటూ ఒక లైన్ ఉండదు. అకౌంట్స్ భాషలో చెప్పాలంటే ఎక్కడా ఎంట్రీ పడని సర్వీస్ ఇది.

ఈ పని నర్సింగ్‌లో కొసరు కాదని నర్సులే చాలాకాలం కిందటే రాసుకున్నారు. 1952లో హిల్డెగార్డ్ పెప్లావ్ అనే అమెరికన్ నర్సు, నర్సుకీ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే నర్సింగ్‌కి కేంద్రం అని ఒక పుస్తకమే రాసింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు మన చరిత్రలో రుఫైదా అల్ అస్లమియ్యా ఉన్నారు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్ రజియల్లాహు అన్‌హుని మస్జిదె నబవీలోని ఆమె గుడారంలోనే ఉంచారు. ఆమె గురించి జుమా బయానుల్లో గొప్పగా వింటాం. ఇంట్లో అమ్మాయి జీఎన్ఎం చేస్తానంటే మాత్రం, "నైట్ డ్యూటీలా? వద్దు" అంటాం. మన వాళ్లు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మన భాష తెలిసిన నర్సు కావాలంటాం. ఆ నర్సు ఎవరింటి నుంచి రావాలో మరి.

భాష సంగతి నిజంగానే పెద్దది. తెలుగు రాష్ట్రాల్లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో మలయాళీ నర్సులు చాలామంది. వాళ్లు తెలుగు, హిందీ రెండూ పని మీదే నేర్చుకుంటారు. 'దర్ద్ ఎక్కడ?' లాంటి సగం సగం మాటలతో నెట్టుకొస్తారు. ఒంటి నొప్పికి అది సరిపోతుంది. మనసు సంగతికి వచ్చేసరికి మాట తడబడుతుంది. మన పెద్దవాళ్లు 'డిప్రెషన్' అనరు. 'జీ ఘబ్రాతా', 'దిల్ నై లగ్తా' అంటారు. తెలుగులో అయితే 'ఏదోలా ఉంది', 'గుండెల్లో బరువుగా ఉంది' అంటారు. ఆ చివరి మాట విని ఈసీజీ తీసినవాళ్లూ ఉన్నారు. ఈసీజీ తీయడం తప్పు కాదు, తీయాల్సిందే. అది నార్మల్ వచ్చాక ఇంకో ప్రశ్న అడగాలి.

ఆ ప్రశ్న అడగడానికి పద్ధతులున్నాయి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, దిగులుగా, ఆశ లేనట్టు ఉందా అనే రెండు ప్రశ్నలతో మొదలయ్యే చిన్న పరీక్ష ప్రపంచమంతా వాడుతున్నారు. జవాబు అవును అయితే తొమ్మిది ప్రశ్నల పూర్తి పరీక్ష ఉంటుంది. నర్సు దీన్ని ఐదు నిమిషాల్లో చేయగలదు. జబ్బు తేల్చడం, మందు రాయడం డాక్టర్ పని. 'బతికి ఏం లాభం' అనే మాట రోగి నోట వచ్చినప్పుడు దాన్ని ముచ్చటగా తీసిపారేయకుండా డాక్టర్ దాకా చేర్చడం నర్సు చేసే అతి పెద్ద మేలు. ఇంట్లో అయినా అదే. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే 24 గంటలూ ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా. నంబర్ రాసుకుని ఫ్రిజ్ మీద అంటించుకోండి.

డయాలిసిస్ హాల్లో ఇంకో విషయం ఉంటుంది. దాని గురించి ఎవరూ రాయరు. ఒకే షిఫ్ట్‌లో వచ్చేవాళ్లు వారానికి మూడుసార్లు పక్కపక్కన పడుకుంటారు. కూతురి పెళ్లి ఎక్కడిదాకా వచ్చింది, ఆరోగ్యశ్రీ కార్డు పని అయిందా, ఏ హోటల్లో ఇడ్లీ ఉప్పు తక్కువగా ఉంటుంది, అన్నీ మాట్లాడుకుంటారు. చుట్టాల కంటే దగ్గరవుతారు. ఒక రోజు పక్క బెడ్ ఖాళీగా ఉంటుంది. రెండోసారీ ఖాళీ. మూడోసారి అక్కడ కొత్త మనిషి పడుకుని ఉంటాడు.

మామూ పక్కన ఒక రిటైర్డ్ టీచర్ ఉండేవారు, హిందువులు, మామూ కంటే రెండేళ్లు పెద్ద. ఇద్దరూ క్రికెట్ గురించి పోట్లాడుకునేవాళ్లు. ఆయన రావడం ఆగిపోయాక మామూ సిబ్బందిని అడిగితే ఒకరు, "ఊరెళ్లారు" అన్నారు. ఇంకొకరు, "వేరే సెంటర్‌కి మారారు" అన్నారు. రెండు జవాబులు విన్నాక ఎవరికైనా అర్థమవుతుంది. ఆ రోజు మామూ బీపీ ఏ కారణం లేకుండా ఎక్కువగా ఉంది. చివరికి ఆ కేరళ సిస్టరే వచ్చి, "చాచా, సార్ ఆదివారం పోయారు. నిద్రలోనే. మీ గురించి వాళ్లింట్లో చెప్పేవారట" అని చెప్పింది. చెప్పి వెళ్లిపోలేదు, కొంతసేపు అక్కడే ఉంది. మామూ ఇన్నా లిల్లాహి చదివాడు. తర్వాత, "నా వంతు ఎప్పుడు బేటీ?" అన్నాడట. దానికి ఆమె, "నాకు తెలీదు చాచా. ఈ రోజు మీ రిపోర్ట్ మాత్రం బాగుంది" అంది.

నేను ఈ సంగతి విన్నప్పుడు మొదట కోపం వచ్చింది, రోగికి అలా చెప్పొచ్చా అని. తర్వాత మామూనే అన్నాడు, "ఆ పిల్ల ఒక్కతే నాతో ఝూట్ మాట్లాడలేదురా" అని. రోగిని కాపాడుతున్నాం అనుకుని మనం చెప్పే అబద్ధాలు, వాళ్లని ఒంటరిని చేస్తాయేమో. ఇందులో అందరికీ ఒకే సూత్రం పనిచేయదని నాకు తెలుసు. ఎవరు ఎంత వినగలరో రోజూ చూసేవాళ్లకే తెలుస్తుంది.

మరి నర్సులందరూ ఇలా ఎందుకు చేయరు? చేయలేరు కాబట్టి. ఒక్కో నర్సు చేతిలో ఎన్నో మెషీన్లు ఉంటాయి. ఒకచోట అలారం, ఒకచోట బీపీ పడిపోవడం, ఇంకోచోట ఫైల్ రాయడం. చాలామంది కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులు. మనసులో ఏమున్నా ముఖం మీద చిరునవ్వు నిలపడం కూడా ఒక శ్రమే అని 1983లో ఆర్లీ హోచ్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి పుస్తకం రాస్తూ చెప్పింది. నర్సులకి అది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పొద్దున ఒక పేషెంట్ పోతే, మధ్యాహ్నం షిఫ్ట్‌లో ఇంకో పేషెంట్‌తో నవ్వుతూ మాట్లాడాలి. ఆమెని, "నువ్వెలా ఉన్నావ్?" అని అడిగే మనిషి ఆ వ్యవస్థలో లేడు. మామూ మీద అరిచినతన్ని కూడా నేను ఇప్పుడు అంత కోపంగా తలుచుకోను. అది పన్నెండో గంట డ్యూటీ అని తర్వాత తెలిసింది. అరవడం తప్పే, ఆ తప్పు ఒక్కడిది మాత్రం కాదు.

ఇంటివాళ్లుగా మనం చేసే పొరపాట్లూ ఉన్నాయి. ముఖ్యంగా ఒకటి: రోగిని అడిగిన ప్రశ్నకి మనం జవాబు చెప్పడం. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. "నిద్ర పడుతుందా అమ్మా?" అని సిస్టర్ అడిగితే భర్త, "బాగానే పడుకుంటది" అంటాడు. ఆవిడ దుపట్టా సర్దుకుని నేలచూపులు చూస్తుంది. తెలివైన నర్సులు ఇలాంటప్పుడు, "భయ్యా, కొంచెం ఈ చీటీ ఫార్మసీలో ఇచ్చి రండి" అని పంపిస్తారు. మిమ్మల్ని అలా పంపిస్తే గబగబా తిరిగి రాకండి. ఆ పావుగంటలో కోడలికి భారమవుతున్నానన్న దిగులు బయటికి రావచ్చు. కిడ్నీ ఇస్తానంటున్న కూతురి దగ్గర తీసుకోవడం ఇష్టం లేదన్న మాట రావచ్చు. డబ్బు భయం కావచ్చు. డబ్బు భయమైతే సిస్టర్ దగ్గర కొన్నిసార్లు నేరుగా పనికొచ్చే జవాబు ఉంటుంది. డయాలిసిస్ చేయించుకునేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 10,000 రూపాయలు, తెలంగాణలో 2,016 రూపాయల పింఛను ఉందని, దరఖాస్తు ఎక్కడ పెట్టాలో చెప్పడం కూడా మానసిక ఆసరాయే. దిగులుకి అన్నిసార్లూ ఓదార్పే మందు కాదు.

డయాలిసిస్ దాకా రాని షుగర్, బీపీవాళ్లకి ఇదే పని బస్తీ దవాఖానాల్లో, పల్లె దవాఖానాల్లో జరగాలి. నెలనెలా మందులకి వెళ్లినప్పుడు గోలీలు లెక్కబెట్టి ఇచ్చే సిస్టర్‌తో రెండు మాటలు మాట్లాడండి. ఇన్సులిన్ సూది అంటే భయమని, రాత్రిళ్లు కాళ్లు మంటలని, ఏదున్నా చెప్పండి. మామూ పదిహేనేళ్ల కిందట ఎవరితోనైనా అలా మాట్లాడి ఉంటే ఏమయ్యేదో అని మామీ అప్పుడప్పుడు అంటుంది. మేమెవరం దానికి జవాబు చెప్పం.

ఈసారి రంజాన్ నెలవంకకి పది రోజుల ముందే సిస్టర్ షిఫ్టుల చార్ట్ తీసి, మామూని సాయంత్రం బ్యాచ్ నుంచి పొద్దున ఆరు గంటల బ్యాచ్‌కి మార్చింది. అస్ర్ వేళకి ఆయన మసీదులో డేగ్ ముందు ఉండాలి కదా. ఆయన గ్లాసు మామీ వంటింట్లో విడిగా పెట్టింది, పిల్లలు వాడకుండా దానికి ఎర్ర దారం కట్టింది. సరిగ్గా 100 ఎంఎల్ పడుతుంది. సిస్టర్ ముందే కొలిపించి చూశారు.